ఖాళీగా తిరిగొచ్చిన గిన్నెలు

మా ఊళ్ళో మనిషి పోతే మొదట వెలిగేవి కొవ్వొత్తులు కాదు, ఓవెన్లు. శవపేటిక ఏ రంగుదో ఇంట్లోవాళ్ళు ఇంకా తేల్చుకోకముందే వీధంతా వెన్న కాగుతున్న వాసన కమ్ముకుంటుంది. కాసేపట్లో గుమ్మం ముందు ఆడవాళ్ళు బారులు తీరతారు. ఒక్కొక్కరి చేతిలో రేకు కాగితం కప్పిన గాజు గిన్నె. గిన్నె అడుగున తెల్ల టేపు ముక్క, దాని మీద పేరు. పేరెందుకంటే గిన్నె తిరిగి వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు అందులో ఏదో ఒకటి ఉండాలి. ఖాళీ గిన్నె పంపడమంటే మా దగ్గర మొహాన తలుపు వేయడమే.

మా పెద్దమ్మ వెర్లీన్ టూంబ్స్‌ని ఈ గిన్నెలు దాదాపు కుంటిదాన్ని చేశాయి. ప్రేమతోనే పంపారని నాకు తెలుసు. ఆ మాట నాతో ఎవరూ మళ్ళీ అనక్కర్లేదు. ఈ మిసిసిపీ డెల్టాలో ప్రేమ వల్ల పోయిన కాళ్ళన్నీ ఒకచోట పాతితే మా చర్చి సమాధుల దొడ్డి చాలదు.

పెద్దమ్మ మా ఊరు హాలిస్ బెండ్‌లో బడి బస్సు నడుపుతుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నడుపుతూనే ఉంది. భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు. అల్లరి చేసేవాడి వైపు తల తిప్పి చూడదు. ఎదురుగా ఉన్న పెద్ద అద్దంలో చూసి, పేరు పెట్టి పిలిచి, "కూర్చో!" అంటుంది. ఆ కేక వినకుండా పెరిగినవాళ్ళు మా ఊళ్ళో తక్కువ. పత్తి చేల మధ్య మట్టిదారి వానకి జిగురైపోయినప్పుడు కూడా ఆ పసుపు బస్సును ముకుతాడు పట్టి ఎద్దును నడిపించినట్టు నడిపించుకొస్తుంది.

మా తాత పరాయి పొలంలో ట్రాక్టరు తోలాడు. చదువు ఆగిపోయాక పెద్దమ్మా అదే పొలంలో అదే ట్రాక్టరు తోలింది. బస్సు ఉద్యోగం వచ్చిన రోజు గురించి ఎప్పుడు అడిగినా ఒకటే చెబుతుంది: "నా చేతిలో చక్రం అంతకుముందూ ఉందిరా. కానీ అది ఎవడి పత్తినో మోసింది. ఇది మన పిల్లల్ని మోసింది."

మా ఇంటి ఆడవాళ్ళందరికీ షుగరు. అమ్మమ్మకి రెండు కాళ్ళూ తీసేశారు. మా అమ్మకి ముందు చూపు పోయింది, తర్వాత ప్రాణమే పోయింది. అప్పటి నుంచి నేను పెద్దమ్మ ఇంట్లోనే. ఇక్కడ షుగరు గురించి వాన గురించి మాట్లాడినట్టు మాట్లాడతారు. వస్తుంది, పడుతుంది, మనమేం చేస్తాం అన్నట్టు. పెద్దమ్మకి ఎడమ కాలి చిటికెన వేలు తీసేసినప్పుడు మాత్రం మా పెదనాన్న ఆర్డెల్ ఆ మాట ఒప్పుకోలేదు.

ఆర్డెల్ చేపల చెరువుల్లో పనిచేసి మానేసిన మనిషి. సన్నగా ఉండేవాడు, మాట తక్కువ. ఆస్పత్రి నుంచి రాగానే పెద్దమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, "నువ్వు బస్సు నడుపు, ఇకనుంచి పొయ్యి నేను నడుపుతా" అన్నాడు. కాలర్డ్ ఆకుకూరలో పంది ఎముక పడటం ఆ రోజుతో ఆగిపోయింది. పొగలో ఎండబెట్టిన టర్కీ కోడి మెడ ఒక్కటి వేసేవాడు. క్యాట్‌ఫిష్ నూనెలో మునగడం మానేసి, నిమ్మకాయ పిండుకుని ఓవెన్లోకి వెళ్ళింది. చక్కెర పాకంలా ఉండే చల్లటి టీని జాడీతో సహా పెరట్లోకి తీసుకెళ్ళి చెట్టు మొదట్లో పోసి, "ఇవాళ చీమలకి పండగ" అన్నాడు. ఇంటి వెనక జాగా తవ్వి తోట వేశాడు. వేయక తప్పదు. ఊళ్ళో కూరగాయలు అమ్మే దుకాణం ఎప్పుడో మూతపడింది. మిగిలింది హైవే పక్కన ఒక చవక కొట్టు. అందులో చిప్సు, సోడా, చనిపోయినవాళ్ళకి ప్లాస్టిక్ పువ్వులు దొరుకుతాయి. ప్రపంచంలో ఇంత మంచి మట్టి అరుదని పుస్తకాల్లో రాస్తారు. ఆ మట్టి మధ్యలో నిలబడి ఒక టమాటా కొనుక్కుందామంటే దొరకదు. కనుచూపు మేర పండేదంతా పత్తి, సోయా, మనుషులు తినని మొక్కజొన్న.

పొద్దున్నే ఇద్దరూ బడి మైదానంలో చుట్లు తిరిగేవారు. ఆవిడ ఆయాసపడుతూ తిట్టేది, ఆయన వినపడనట్టు రెండడుగులు ముందు నడిచేవాడు. ఏడాది తిరిగేసరికి షుగరు ఎంత దిగిందంటే, క్లినిక్‌లో నర్సు ఆవిడని కావలించుకుంది. చర్చిలో మాత్రం ఒకటే ఎగతాళి.

"ఏమ్మా వెర్లీన్, ఆకులు తిని తిని కుందేలువైపోయావా?" అనేది క్లాడీ మీక్స్. పీచ్ పళ్ళు చక్కెర పాకంలో వేసి, పైన పిండి పరిచి ఓవెన్లో కాల్చే కాబ్లర్ చేయడంలో మా చర్చిలో క్లాడీని మించినవాళ్ళు లేరు.

"అదృష్టమని కుందేలు కాలు తాళాల గుత్తికి కట్టుకుంటారు కదే. నా కాలు నాకుంటే అదే నా అదృష్టం" అనేది పెద్దమ్మ.

మార్చిలో, కాబేజీ నారు నాటుతూ నాటుతూ, ఆర్డెల్ మడిలోనే కూలిపోయాడు. గుండె. నేను చూసేసరికి నారు చేతిలోనే ఉంది.

ఇంక ఓవెన్లు వెలిగాయి.

మాకరోనీ చీజ్, వేయించిన కోడి, పిండి రేకులో చిలగడదుంప ముద్ద నింపి కాల్చిన తీపి పై, పీకాన్ పప్పుల పై, పంది ఎముక వేసి ఉడికించిన బొబ్బర్లు, కొబ్బరి కేకు, మళ్ళీ మాకరోనీ చీజ్. బల్ల నిండి, పొయ్యి నిండి, చివరికి ఆర్డెల్ కుర్చీ మీద కూడా ఒక కేకు కూర్చుంది. నాకు దాన్ని తన్నాలనిపించింది. ఏ ఆడమనిషీ గిన్నె ఇచ్చి పోదు. పళ్ళెంలో పెట్టి, స్పూను చేతికిచ్చి, మింగేదాకా నిలబడుతుంది.

"తిను తల్లీ. ఏడవడానికైనా బలం ఉండాలి కదా" అంది మదర్ ఓడెసా. చర్చిలో అందరికంటే పెద్దావిడని మేము మదర్ అంటాం. ఎనభై దాటింది. ఆవిడ మాటకి పాస్టర్ గారే ఎదురు చెప్పరు.

"ఆర్డెల్‌కి నా కాబ్లర్ అంటే ప్రాణం కదా. ఆయన కోసమని రెండు స్పూన్లు తిను" అంది క్లాడీ.

ఆర్డెల్ ఆ కాబ్లర్ ముట్టి రెండేళ్ళయింది. అది ఒక్కరికీ గుర్తులేదు. బతికున్నప్పుడు ఆయన ఏం తినేవాడో చూడనివాళ్ళు, చచ్చాక ఆయన నోటితో అడుగుతున్నారు.

పెద్దమ్మ తింది. ఆవిడని నేను తప్పు పట్టను. ఆ పొయ్యి దగ్గరికి వెళితే ఆయన నిలబడ్డ చోటే తనూ నిలబడాలి. అది ఆవిడ వల్ల కాలేదు. తోట వైపు కిటికీకి తెర వేసేసింది. వండకుండానే అన్నీ ఇంటికి వస్తుంటే వండాల్సిన పని ఏముంది?

చావు తిండితో అయిపోతే బాగుండేది. గిన్నెలు తిరిగి వెళ్ళాలి కదా. పెద్దమ్మ చేసే పౌండ్ కేకు ఊళ్ళో అందరికీ ఇష్టం. గిన్నెకో కేకు ముక్క పెట్టి పంపడం మొదలుపెట్టింది. చేసేటప్పుడు పిండి నాకి చూడాలి, దింపాక అంచు విరిచి చూడాలి. కేకు అందుకున్నావిడ ఊరుకుంటుందా? పాపం ఈ దుఃఖంలో కూడా చేసి పంపిందని కళ్ళు తుడుచుకుని ఇంకో గిన్నె పంపుతుంది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మా ఊళ్ళో వద్దన్నా ఊరంతా పెడుతుంది. వసంతం పొడుగునా ఆ గిన్నెలు బంతాటలో బంతిలా వీధికి అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి.

మధ్యలో పెద్దమ్మ ప్రయత్నించకపోలేదు. ప్రతి సోమవారం పథ్యం మొదలు. బుధవారం బైబిలు చదువులకి వెళ్ళి, చేతిలో ఏదో పట్టుకుని వచ్చేది. "నా పథ్యం సోమవారం పుట్టి బుధవారం పోతుందిరా. దానికీ ఒక సమాధి కట్టించాలి" అని నవ్వేది. ఒకసారి తెలివిగా, గిన్నెల్లో కేకు బదులు ఉత్త ఉడికించిన కాబేజీ పెట్టి పంపింది. చూసి అర్థం చేసుకుంటారని ఆశ. వాళ్ళకి అర్థమైంది ఇది: వెర్లీన్ చేతిలో ఏమీ మిగల్లేదు, కాబేజీ తిని బతుకుతోంది. ఆ వారం గిన్నెలు రెండింతలు వచ్చాయి.

జూన్‌లో చర్చిలో ఆడవాళ్ళ ఆదివారం. ఆ రోజు ఆడవాళ్ళంతా తలనుంచి కాలిదాకా తెలుపే కడతారు. పెద్దమ్మ కొత్త తెల్ల బూట్లు వేసుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళని కూర్చోబెట్టింది. ఇంటికొచ్చి కుర్చీలో కూలబడి బూట్లు విప్పింది. కుడి బూటు లోపలంతా రక్తంతో ఎర్రగా ఉంది.

"పెద్దమ్మా, నీ కాలు!"

వంగి చూసింది. మొహంలో నొప్పి లేదు. నన్ను భయపెట్టింది అదే. "ఎప్పుడైందో నాకు తెలియనే లేదురా లావెల్" అంది, ఎవరి కాలో చూస్తున్నట్టు.

పక్క ఊరి క్లినిక్‌లో డాక్టరమ్మ చిన్నవయసుది. దాపరికం లేకుండా చెప్పింది. షుగరుకి పాదంలో స్పర్శ పోయింది, అందుకే కొత్త బూటు కొరికినా తెలియలేదు. షుగరు ఇంతున్నంతకాలం పుండు మానదు. మానకపోతే ఎముకకి పట్టుకుంటుంది. పట్టుకుంటే పాదం తీసేయాలి. ఆగస్టులో మళ్ళీ చూస్తానంది.

పెద్దమ్మ అన్నీ విని ఒక్కటే అడిగింది. "ఇది కుడిదే కదమ్మా?"

"అవునండీ."

"బ్రేకు దీంతోనే కదా తొక్కేది."

ఆగస్టులో బడి తెరుస్తారు. పాదం లేని మనిషి చేతికి అరవై మంది పిల్లలున్న బస్సు ఎవరూ ఇవ్వరు. తిరుగుదారి పట్టాం. నడుపుతున్నది నేను. నేను బ్రేకు వేసిన ప్రతిసారీ ఆవిడ కళ్ళు నా కుడికాలి మీదికి వెళ్ళాయి.

ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు కుర్చీలో క్లాడీ కాబ్లర్. ఇంకా వెచ్చగానే ఉంది. రేకు కాగితం అంచుల్లోంచి పాకం పొంగి చీమలు పట్టాయి. నాలో ఏదో తెగింది. గిన్నె పట్టుకెళ్ళి, కాబ్లరంతా రోడ్డు పక్క కాలువలో బోర్లించాను.

"ఒరేయ్! అది ఒక మనిషి చేత్తో చేసిందిరా!" అని గుమ్మంలోంచి అరిచింది పెద్దమ్మ.

"నిన్ను చంపుతున్న చేత్తో."

"నోర్ముయ్!"

"మూయను. అమ్మమ్మ కాళ్ళు తిన్నారు, మా అమ్మ కళ్ళు తిన్నారు, ఇప్పుడు నిన్ను తింటున్నారు. పైగా మనమే కేకులు చేసి థాంక్స్ చెబుతున్నాం!"

"మీ అమ్మ పోయినప్పుడు నిన్ను సాకిందెవరనుకున్నావు? నేనా? నేను బస్సులో ఉన్నాను. మీ పెదనాన్న చెరువుల మీద ఉన్నాడు. మధ్యాహ్నం బడి నుంచి వస్తే నీ నోట్లో ముద్ద పెట్టింది ఆ క్లాడీయే. ఆ గిన్నెలతోనేరా నువ్వు ఇంతవాడివయ్యావు."

ఆ మాట నిజమే. అందుకే కోపం ఇంకా పెరిగింది. నిజం ఎదుటివాళ్ళ వైపు కొంచెం ఉంటే కోపం తగ్గుతుందని ఎవరన్నారో గానీ, వాడికి కోపం రాలేదెప్పుడూ.

పెద్దమ్మ నా చేతిలోంచి గిన్నె లాక్కుంది. గుమ్మం మెట్టు మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది. దాన్ని తిరగేసి, అడుగున టేపు మీద పేరును బొటనవేలితో రుద్దింది. తర్వాత లేచి కుంటుకుంటూ లోపలికి వెళ్ళి, గిన్నె కడిగి, తళతళలాడేలా తుడిచింది. ఆ తర్వాత అలమరాలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే తీసి బల్ల మీద పేర్చింది.

"కారు తియ్యి" అంది.

"వీటిల్లో ఏం పెట్టి ఇస్తావు?"

"ఏమీ పెట్టను."

నేను ఆవిడ మొహం చూశాను. పాతికేళ్ళు ఈ ఊళ్ళో పెరిగినవాణ్ణి, కారు తాళం అందుకోబోయి ఆగాను.

కారు వెనక సీటు నిండా గిన్నెలు. గుంట వచ్చినప్పుడల్లా గలగలమన్నాయి. ముందు సీట్లో పెద్దమ్మ, కుడి కాలు దిండు మీద. ఇంటింటి ముందూ ఆపాం. దిగకుండా నన్ను పంపమని అడగొచ్చు, అడగలేదు. ప్రతి గుమ్మం తనే ఎక్కింది. ప్రతి ఆడమనిషీ నవ్వుతూ అందుకుని, తేలిగ్గా తగిలేసరికి రేకు కాగితం లేదని గమనించి, లోపలికి చూసింది. ఖాళీ. తల ఎత్తి పెద్దమ్మని చూసింది. కొందరు అర్థం కానట్టు నవ్వారు. ఒకావిడ, "అయ్యో, పెట్టడం మర్చిపోయావా?" అంది. పెద్దమ్మ, "మర్చిపోలేదమ్మా. చాలా పెట్టారు, చాలు. ఇక పంపొద్దు" అని ప్రతిచోటా అదే మాట చెప్పింది.

క్లాడీ ఇల్లు చివర.

"పొరపాటున ఖాళీది తెచ్చినట్టున్నావే" అంది క్లాడీ.

"పొరపాటు కాదు."

"నా మీద కోపమొచ్చిందా?"

"నీ మీద కాదు క్లాడీ. నాకిక వద్దు, అంతే. నా కాలు..."

"మొగుడు పోయినప్పటి నుంచి నీకు పెట్టాను. ఇన్నాళ్ళు తిన్నావు. ఇవాళ చేదైపోయానా?"

"అది కాదే, విను..."

క్లాడీ దోమల జాలీ తలుపు వేసేసింది. జాలీ కాబట్టి అవతల నిలబడ్డ మనిషి కనిపిస్తూనే ఉంది, గిన్నె గుండెకి హత్తుకుని. పెద్దమ్మ ఇంకాస్త నిలబడి వచ్చేసింది.

ఊళ్ళో ఆ వారమంతా మా మాటే. వెర్లీన్‌కి పొగరెక్కింది. మొగుడు పోయి మతి చెడింది. ఆ పుస్తకాలు చదివే కుర్రాడు నూరిపోశాడు, అంటే నేను. నేను పనిచేసే చేపల ఫ్యాక్టరీలో నా పక్కన నిలబడి చేపలు కోసేవాడు కూడా, "ఏరా, మీ పెద్దమ్మ మా అమ్మ గిన్నె ఖాళీగా పంపిందట కదా" అన్నాడు, నేను వాళ్ళ ఇల్లు తగలబెట్టినట్టు.

మదర్ ఓడెసా మాత్రం మాటలు మోయించలేదు. తనే వచ్చింది. టోపీ పెట్టుకుని, కర్ర పొడుచుకుంటూ, చంకలో ఆ ఖాళీ గిన్నెతో. పెద్దమ్మ వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని బెండకాయలు తరుగుతోంది. ఆర్డెల్ సీసాలో దాచిన విత్తనాలు నేనే నాటాను, ఆ కాయలే. మదర్ గిన్నెను బల్ల మీద ఠక్కున పెట్టింది.

"మా అమ్మ పోయినప్పుడు మీ అమ్మమ్మ నాకు ఈ ఇంట్లోంచే పంపింది. నేను పుట్టాక ఈ ఊళ్ళో మా ఇంటికి ఖాళీ గిన్నె తిరిగొచ్చింది ఇప్పుడే. నేను నీకేం చేశానో చెప్పు పిల్లా."

పెద్దమ్మ కత్తి పక్కన పెట్టింది. కుర్చీ వెనక్కి జరిపి, కుడి కాలు ఎత్తి ఎదురు కుర్చీ మీద పెట్టి, కట్టు విప్పడం మొదలుపెట్టింది. గుడ్డ చివరి చుట్టు అంటుకుని ఉంది. లాగింది.

"చూడండి మదర్."

మదర్ చూడలేదు. కిటికీ వైపు చూసింది.

"ఇటు చూడండి. మీరు ఆదివారం తెచ్చిన మాకరోనీ ఇక్కడుంది. క్లాడీ కాబ్లర్ ఇక్కడుంది. నా కేకు కూడా ఉంది, మీ ఒక్కరినే అనడం లేదు. మా అమ్మ కాళ్ళు మీరు చూశారు. మా చెల్లెలు గోడ పట్టుకుని నడవడం చూశారు. దీన్ని కూడా చూడండి."

గొంతు బస్సులో గొంతు. గిన్నెలు మోగాయి. మదర్ నెమ్మదిగా తల తిప్పింది. చూసింది. కర్ర మీద రెండు చేతులూ పెట్టి అంది: "మా ఆయన కాళ్ళు తీసిన రోజు నేను ఆస్పత్రికి తీపి పై చేసుకెళ్ళాను. చిలగడదుంపది. ఆయన సగం తిన్నాడు. బాగుందన్నాడు."

కన్నీళ్ళు లేవు. వాతావరణం చెప్పినట్టు చెప్పింది. నేను గోడకానుకుని నిలబడ్డాను. అరవాలని నోట్లోకి ఎన్నో వచ్చాయి. ఆ ఒక్క వాక్యం వాటన్నిటినీ మింగేసింది.

"మరి నేనేం తేవాలే?" అంది మదర్. అది ఎదురు ప్రశ్న కాదు. నిజంగా తెలియక అడిగింది. "చావింటికి వట్టి చేతులతో ఎన్నడూ వెళ్ళలేదు నేను."

"ఇవాళ వచ్చారుగా. కూర్చోండి."

కూర్చుంది. చేతుల్ని ఏం చేయాలో ఆవిడకి తెలియలేదు. ఒళ్ళో పెట్టుకుంది, బల్ల మీద పెట్టింది, టోపీ సర్దుకుంది. చివరికి కత్తి అందుకుని బెండకాయ తొడిమ కోసింది.

"ఇందులో పంది ఎముక వేయవా?"

"వేయను."

"ప్రభువే కాపాడాలి ఈ బెండకాయల్ని" అంది మదర్, ఇంకోటి అందుకుంటూ.

ఆ తర్వాత అంతా సవ్యంగా జరిగిందని రాస్తే అబద్ధం. గిన్నెలు ఆగాయి, నిజమే. కానీ జూలై నాలుగున, స్వాతంత్ర్య పండగకి, మా బంధువుల ఇంట్లో పెద్దమ్మ కాల్చిన పక్కటెముకలూ, దాని మీద సగం కేకూ తింది. నేను చూస్తుండగానే తింది. ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకుంది. ఇక అంతేనని, మళ్ళీ సోమవారం వచ్చేదాకా ఇంతేనని నేను లోలోపల ఉడికిపోయాను. తెల్లారి చూస్తే బొబ్బర్లు పొయ్యి మీద ఉన్నాయి. ఆర్డెల్ నిలబడే చోటే నిలబడి ఉంది.

"సోమవారం కాదుగా ఇవాళ" అన్నాను. వెటకారంగానే అన్నాను.

"మీ పెదనాన్న ఏమనేవాడో మర్చిపోయానురా ఇన్నాళ్ళూ. 'చెడింది ఒక్క పూట వెర్లీన్. సోమవారం దాకా ఎదురుచూస్తే వారం చెడుతుంది. రెండో పూట నీ చేతిలోనే ఉంది' అనేవాడు." గరిటె తిప్పుతూ ముక్కు తుడుచుకుంది. "నాకు చిరాకేసేది. ఏమీ తెలియని మొహం పెట్టి అన్నీ చెప్పేవాడు."

తోట వైపు కిటికీ తెర తీసి ఉంది.

ఆగస్టులో డాక్టరమ్మ కట్టు విప్పి, పాదాన్ని దీపం దగ్గరికి పట్టుకుని చూసింది. పుండు మూసుకుంది. కొత్త తోలు పల్చగా, గులాబీ రంగులో, చంటిబిడ్డ చెంపలా ఉంది. షుగరు ఆర్డెల్ ఉన్నప్పటంత దిగలేదు గానీ దిగింది. వెడల్పాటి బూట్లు రాసిచ్చింది. వికారంగా ఉన్నాయి. బస్సు నడపొచ్చంది. పెద్దమ్మ డాక్టర్ ముందు ఏడవలేదు. కారులో, సీటు బెల్టు పెట్టుకుంటూ ఏడ్చింది.

బడి తెరిచే ముందు ఆదివారం చర్చిలో వార్షిక విందు. ఊరొదిలి వెళ్ళినవాళ్ళు కూడా వస్తారు. చెట్ల కింద బల్లలు, బల్లల మీద ఆ గిన్నెలే. పెద్దమ్మ డబ్బాలో తన తిండి తనే తెచ్చుకుంది. అప్పటికే కొందరు పక్కకి జరిగి కూర్చున్నారు. క్లాడీ ఎండాకాలమంతా మాట్లాడలేదు. ఆ రోజు లేచి, నిండుగా కాబ్లర్ పెట్టిన పళ్ళెం తెచ్చి, అందరూ చూస్తుండగా పెద్దమ్మ ముందు పెట్టింది.

"గిన్నెలో ఇస్తే నచ్చదు కదా, పళ్ళెంలో తెచ్చాను. కాలు మానిందటగా. ఒక్క స్పూను. ఆర్డెల్ పేరు మీద."

బల్లంతా చెవులు రిక్కించింది. పెద్దమ్మ పళ్ళెం వైపు చూసింది. నాకు ఆ వాసన తెలుసు, ఆవిడకి నోరూరిందని కూడా తెలుసు.

"క్లాడీ" అంది. గొంతు పెంచలేదు. "ఆర్డెల్ నన్ను బతికించడానికి రెండేళ్ళు ఈ కాబ్లర్ ముట్టలేదు. ఆయన పేరు చెప్పి నా నోట్లో ఏదీ పెట్టకు. ఇవాళా వద్దు, ఎప్పుడూ వద్దు."

పళ్ళేన్ని వేలితో అవతలికి తోసింది.

బల్ల చివర నుంచి మదర్ ఓడెసా చెయ్యి చాచింది. "ఇలా ఇవ్వండర్రా అది. నాకు ఎనభై దాటాయి. నా కాళ్ళు ఎలాగూ పెట్టెలోకే." కొందరు నవ్వారు. క్లాడీ నవ్వలేదు.

"నేనేదో విషం పెట్టినట్టు మాట్లాడుతున్నారు అందరూ" అంది. చేతిసంచి తీసుకుని కార్ల వైపు వెళ్ళిపోయింది. తన గిన్నె తీసుకోలేదు.

నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ కలగలేదు. తిరిగొచ్చేటప్పుడు అదే అన్నాను. పెద్దమ్మ కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ, "క్లాడీకి ఆ కాబ్లర్ తప్ప ఇంకో మాట రాదురా" అంది. ఇటు తిరిగి, "నాకూ వచ్చేది కాదు ఒకప్పుడు" అంది.

సోమవారం నేను షిఫ్టుకి వెళ్ళడానికి క్లాడీ ఇంటి పక్క మలుపులో నిలబడ్డాను. మా ఫ్యాక్టరీ బండి అక్కడే ఆగుతుంది. దానికంటే ముందు పసుపు బస్సు వచ్చింది. దూరం నుంచే వేగం తగ్గింది, ఎర్ర దీపాలు వెలిగాయి, బ్రేకు గాలి వదులుతూ బుస్సుమంది. సరిగ్గా క్లాడీ గేటు ముందు, జానెడు అటూ ఇటూ కాకుండా ఆగింది. తలుపు తెరుచుకుంది. క్లాడీ మనవరాళ్ళిద్దరూ పరిగెత్తుకెళ్ళి ఎక్కారు.

క్లాడీ గుమ్మంలో నిలబడి ఉంది. పెద్దమ్మ ఆవిడ వైపు చూసింది. చెయ్యెత్తింది. క్లాడీ ఎత్తలేదు. తిరిగి లోపలికి వెళ్ళింది, జాలీ తలుపు కొట్టుకుంది.

బస్సు తలుపు అవసరమైన దానికంటే ఇంకాస్త సేపు తెరిచే ఉంది. నేను ఉన్న చోటి నుంచి మెట్ల పక్కన ఆ వికారపు బూటు కనిపిస్తోంది. పెడలు మీద, గట్టిగా, కదలకుండా. అప్పుడు తలుపు మూసుకుంది.

"కూర్చోండి!" అన్న కేక కిటికీలన్నిటి లోంచీ వినిపించింది. కుడి పాదం బ్రేకు మీంచి లేచింది. బస్సు కదిలింది.